అరువు గొంతు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అన్నానికి కూడా చెరువు వాసన వచ్చేది.

చెరువంటే నీళ్ళు గుర్తొస్తాయేమో. అలాంటిదేమీ లేదక్కడ. చందాపుర దాటి లోపలికి వస్తే, మా అపార్ట్‌మెంట్ వెనక గోడకు ఆనుకుని నల్లగా, చిక్కగా, కాచి వదిలేసిన తారులాంటిది ఒకటి పరుచుకుని ఉంటుంది. చుట్టుపక్కల లేఅవుట్ల మురుగంతా దాంట్లోకే. మార్చి వచ్చేసరికి సగం ఎండిపోయి, అంచులు పగుళ్ళిచ్చి, ఆ పగుళ్ళలోంచి బుడగలు లేచేవి. కిటికీలు మూసినా, తలుపు కింద తడిగుడ్డ పెట్టినా వాసన ఆగేది కాదు. ఉతికి ఆరేసిన బట్టల్లో, కాచిన పాలల్లో, తలకింద దిండులో అదే. ఎలక్ట్రానిక్ సిటీలో మా ఆఫీసు ఏసీ కింద కూర్చుని ఉన్నప్పుడు కూడా చున్నీ ముక్కుకు తగిలిందంటే అదే వాసన.

ఇంట్లో ముగ్గురం. నేను, నా భర్త చైతు, మామగారు భుజంగరావు. మాది తెనాలి, పెళ్ళయి ఇక్కడికి వచ్చాను. మామగారి వాళ్ళు మాత్రం ఇది పల్లెగా ఉన్న రోజుల నుంచీ ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. ఆయన పీణ్య ఫ్యాక్టరీల్లో లేత్ మిషన్ల మీద పనిచేసి రిటైరయ్యారు. చైతు డిజిటల్ ఆర్టిస్టు. కంపెనీలకు యానిమేషన్లు చేసి సంపాదిస్తూ, తీరిక వేళల్లో సొంత పని చేసుకునేవాడు. ఎండిన బోర్లు, కూల్చేసిన గుడిసెలు, చెత్త ఏరుకునేవాళ్ళు, ఇవే అతని బొమ్మల్లో ఉండేవి. ఆ బొమ్మలు చూసే నేనతన్ని ఇష్టపడ్డాను.

ఆ మార్చిలో చైతు మా చెరువు మీద ఒక పని మొదలుపెట్టాడు. గట్టు మీద నిలబడి ఫోన్ కెమెరా చెరువు వైపు పెడితే, తెరలో మురుగు మీద మెల్లగా నీళ్ళు నిండుతాయి. తామరాకులు పుట్టుకొస్తాయి, కొంగలు వాలతాయి, చేపలు ఎగిరిపడతాయి, పిల్లలు ఈత కొడతారు. చెవిలో ఒక పెద్దాయన గొంతు ఆ రోజులు చెబుతూ ఉంటుంది. కాసేపటికి ఒక్కొక్కటే చెరిగిపోతాయి. పిల్లలు, కొంగలు, చేపలు, నీళ్ళు. ఆఖరికి ఎదురుగా ఉన్న మురుగు ఉన్నట్టుగా మిగులుతుంది. అప్పుడు ఫోన్ దించిన మనిషి మొహం చూడాలి.

ఆ గొంతు మామగారిది. ఒక ఆదివారం పొద్దున్నే గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టి, చైతు మైకు పట్టుకున్నాడు. నేను గొడుగు పట్టుకున్నాను.

"నాన్నా, నాచురల్‌గా మాట్లాడు. చిన్నప్పుడు ఎట్లుండేదో చెప్పు చాలు."

మామగారు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. మాట సరిగ్గా రాదేమోనని మళ్ళీ తీసేశారు.

"ఈ నీళ్ళే తాగినాము మేము. బడి ఇడిస్తానే అంగీలు ఇప్పి ఈడ పడేసి దూకేది. అడుగున ఇసక తెల్లగా అగుపడేదప్పా. రోంత సేపు కదలకుండా నిలబడితే సిన్న సేపలొచ్చి కాళ్ళు కొరికేవి." ఆయన నవ్వారు. తర్వాత ఎదురుగా ఉన్నదాన్ని చూశారు. నవ్వు ఆగిపోయింది. "ఇది తనంతట తాను సావలేదు. సంపినారు. సెరువు పక్కన నేల అమ్ముకున్నోడు సంపినాడు, కొన్నోడు సంపినాడు, పైపులేసి ఇండ్లల్లో మలమంతా దీంట్లోకి ఇడిసినోడు సంపినాడు. చూస్తా నిలబడినోణ్ణి, నేనూ సంపినోణ్ణే."

చైతు కళ్ళు చెమర్చాయి. "కట్" అనడం కూడా మర్చిపోయాడు.

ఏప్రిల్ మొదట్లో దాన్ని జనానికి చూపించాడు. శని, ఆదివారాల్లో గట్టంతా మనుషులే. కోరమంగళ నుంచి, వైట్‌ఫీల్డ్ నుంచి కార్లేసుకుని వచ్చేవారు. ఒకావిడ ఫోన్ దించి, మా మామగారి చేతులు పట్టుకుని ఏడ్చింది. పేపర్లో ఫోటో వేశారు. మురుగు ముందు నిలబడ్డ చైతు. నేను ఆ పేపరు కత్తిరించి మా అమ్మకు పంపాను. నిజంగా గర్వపడ్డాను.

నాగేంద్ర వచ్చింది ఆ తర్వాతే. చెరువుకు అవతలి ఒడ్డున టవర్లు కడుతున్న కంపెనీలో మార్కెటింగ్ చూసే మనిషి. హైదరాబాద్ వాడు, చాలా మర్యాద తెలిసినవాడు. మా హాల్లో కూర్చుని నేనిచ్చిన కాఫీ పక్కన పెట్టి, తన బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసుకుని తాగాడు. మాట్లాడినంతసేపూ నోటితో ఊపిరి పీల్చుకుంటూనే ఉన్నాడు.

"చైతన్యా, నేను మీ వర్క్ చూసి నిద్రపోలేదు బ్రదర్. మా కంపెనీ ఈ లేక్‌ని అడాప్ట్ చేసుకుంటోంది. మీ ఆర్ట్‌తో లాంచ్ చేద్దాం. ఎంతమందికి రీచ్ అవుతుందో ఆలోచించండి. ఒక్కటే, చివర్లో ఆ డార్క్ పార్ట్ ఉంది చూడండి, అది కొంచెం హెవీ."

"అదే కదా సార్ పాయింట్," అన్నాడు చైతు.

"పాయింటే. కానీ జనానికి హోప్ కూడా కావాలి."

మూలన కూర్చున్న మామగారు అడిగారు. "మీ టవర్లకు మనుషులొస్తే వాళ్ళ మురికినీళ్ళు యాడికి పోతాయి సార్?"

"అన్నీ ట్రీట్ చేస్తాం అంకుల్. చుక్క బయటికి రాదు."

"ఈడ అందరూ అట్లనే అన్యారు," అన్నారు మామగారు. నాగేంద్ర ఆ మాటకు కూడా నవ్వాడు. అతను వెళ్ళాక కాఫీ మీద మీగడ కట్టి ఉంది. సింకులో పారబోశాను.

చైతు ఒప్పుకున్నాడు. సొంతంగా స్టూడియో పెట్టుకోవచ్చన్నాడు, ఇంకో పది చెరువుల మీద చేయొచ్చన్నాడు. ఆ రోజుల్లోనే పొద్దున కాఫీ అయ్యాక మామగారి ముందు మైకు పెట్టి పేపరు గట్టిగా చదివించుకునేవాడు. ఎందుకంటే, "గొంతులో టెక్స్‌చర్ కావాలి" అనేవాడు. కొడుకు అంతసేపు ఎదురుగా కూర్చుంటున్నాడని మామగారికి సంబరం. రాశిఫలాల నుంచి సంతాప ప్రకటనల దాకా అన్నీ చదివేవారు. కోపంగా చదువు నాన్నా, ఇప్పుడు సంతోషంగా చదువు అని అడిగితే, ఆయన నాటకం వేసినట్టు చదివి, చదివి, తనే నవ్వేవారు.

నెలాఖరులో మొదటి వాన పడింది. గంటసేపు కుమ్మరించింది. హమ్మయ్య, వాసన తగ్గుతుందనుకున్నాను. మర్నాడు పొద్దున కిటికీ తెరిస్తే చెరువు తెల్లగా ఉంది. చేపలు. మురుగులో బతకడం నేర్చుకున్న నాసిరకం చేపలు అవి. వానకు రోడ్ల మీది చెత్తంతా ఒక్కసారిగా వచ్చి పడేసరికి ఊపిరాడక తేలిపోయాయి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వెల్లకిలా పడ్డ పొట్టలే. ఎండెక్కేకొద్దీ అవి ఉబ్బసాగాయి.

కంపెనీ వాళ్ళ లాంచ్ ఆ సాయంత్రమే.

గట్టు కింద పట్టల గుడిసెల్లో కళ్యాణదుర్గం వైపు నుంచి కూలికి వచ్చినవాళ్ళు ఉంటారు. ఆ ఆడవాళ్ళను పిలిపించి బకెట్లు ఇచ్చారు. చేతులకు తొడుగుల్లేవు. హనుమక్క అని, మా అపార్ట్‌మెంట్ కట్టినప్పుడు ఇటుకలు మోసిన మనిషి, మోకాళ్ళ లోతు దిగి చేపల్ని చేతులతో దోసి బకెట్లోకి వేస్తోంది. పట్టుకుంటే కొన్ని చేతిలోనే పగిలిపోతున్నాయి. ఆమె మొహం పక్కకు తిప్పుకుని ఉమ్మేసి, మళ్ళీ వంగుతోంది.

చైతు కర్చీఫు కట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. "హనుమక్కా, ముందు ఆ వైపు తియ్యండి. గెస్టులు నిలబడేది అక్కడ."

"ఈ పక్కవి?"

"ఈ పక్క ఫోన్లో కవర్ అయిపోతుందిలే."

హనుమక్క నావైపు చూసింది. "ఏమంటాండాడమ్మా మీ ఆయన? ఫోన్లో వాసన కూడా కవరైతాదా?"

నా భర్త మాట నాకే అర్థం కానట్టు నిలబడ్డాను.

సాయంత్రానికి తివాచీ పరిచారు. వాసన పోవడానికి ఏవో మిషన్లు పెట్టారు. అవి తడిమట్టి వాసన చిమ్ముతాయట. కుళ్ళిన చేపల మీద ఆ సెంటు పడి, రెండూ కలిసి ఏదైందో నేను చెప్పలేను. ఇప్పటికీ వాన మొదలై మట్టి వాసన వస్తే లేచి కిటికీలు మూసేస్తాను. అతిథులు ఒక చేత్తో ముక్కు మూసుకుని ఇంకో చేత్తో ఫోన్లు ఎత్తారు. "వావ్" అన్నారు. తెరల్లో వెండిచేపలు ఎగురుతున్నాయి. ఎవరో పెద్దాయన తెర మీదే చూపు పెట్టి రెండడుగులు ముందుకేసి, చచ్చిన చేపను తొక్కి జారాడు. చైతు అతని మోచెయ్యి పట్టుకుని, "ఫోన్ కొంచెం పైకి పట్టుకోండి సార్, కింద ట్రాకింగ్ సరిగ్గా ఉండదు," అన్నాడు. ఆయన బూటును తివాచీకే రాసి తుడుచుకున్నాడు.

నా ఫోన్‌లో ఆఖరిదాకా చూశాను. నీళ్ళు చెరిగిపోలేదు. పిల్లలు ఈదుతూనే ఉన్నారు. అయిపోయి మళ్ళీ మొదటికి వచ్చింది.

"చివరిది ఏదీ?" అని చైతును అడిగాను.

"ఈ వెర్షన్‌లో లేదు వరూ. తర్వాత మాట్లాడదాం."

గోడ వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాను. చేపల వల్లేనని నాకు నేను చెప్పుకున్నాను.

మే నెలలో ఒక శనివారం, మధ్యాహ్నం వంట చేస్తుంటే బెల్లు మోగింది. తెల్లపంచె, చేతిలో ద్రాక్షపండ్ల సంచితో ఒక ముసలాయన. చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

"భుజంగడు ఉండాడామ్మా? నేను అశ్వత్థప్పని. దేవనహళ్ళి నుంచి వచ్చినా."

ఆ పేరు విని నేను పక్కకు తప్పుకోవడం కూడా మర్చిపోయాను. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. మామగారూ ఆయనా ఒకే బడిలో చదివి, ఒకే చెరువులో ఈత నేర్చుకున్నవాళ్ళట. చెరువును ఆనుకుని ఉన్న తన నేలను అశ్వత్థప్ప లేఅవుట్ వాళ్ళకు అమ్మేసి దేవనహళ్ళికి వెళ్ళిపోయాడు. మొదటి మురుగు పైపు ఆ నేలలోంచే వచ్చిందట. నలుగురిలో మామగారు ఆయన్ని "తల్లిని అమ్ముకున్నోడా" అన్నారు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. నా పెళ్ళికి కూడా ఆయన రాలేదు.

మామగారు గదిలోంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. అశ్వత్థప్ప సంచి కింద పెట్టేసి, రెండు చేతులూ చాపాడు.

"వచ్చినానప్పా. నువ్వు పిలిస్తే రాకుండా ఉంటానా?"

"నేను..." అన్నారు మామగారు.

"మొన్న పొద్దున ఫోన్ చేస్తివి గదా. నా పేరు పెట్టి పిలిస్తివి. 'అశ్వత్థప్పా, పాతవన్నీ మర్సిపోదాము, మన సెరువు మళ్ళా నిండిండాది, రా, గట్టు మీద కూసుందాము' అంటివి. నేను మాట్లాడబోతే పెట్టేస్తివి." ఆయన పంచె అంచుతో మొహం తుడుచుకున్నాడు. "ఏడుస్తాండావేమో అనుకుంటి. నేనైతే ఏడిస్తి."

మామగారు నావైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. నాకేమీ తెలియదు. ఆయన ఎవరికీ ఫోన్ చేయలేదని మాత్రం తెలుసు. ఆయన ఫోన్ చార్జింగ్ పెట్టేది నేనే.

మామగారు గోడ పట్టుకుని నిలబడ్డారు. తర్వాత మెల్లగా వచ్చి స్నేహితుడి చేతులు పట్టుకున్నారు.

"అవునప్పా," అన్నారు. "నేనే చేసినా."

ఇద్దరికీ ముద్దపప్పు, గోంగూర వడ్డించాను. ఎవరెవరు పోయారో, ఎవరికి కీళ్ళు అరిగాయో చెప్పుకున్నారు. మామగారు నవ్వుతున్నారు కానీ అన్నం కెలుకుతున్నారే తప్ప తినడం లేదు. భోజనం అయ్యాక అశ్వత్థప్ప కిటికీ వైపు ముక్కు ఎగబీల్చాడు.

"నిండిండాదంటివి, మరి ఈ కంపేందిరా? ఏదో కొత్త ఆఫీసు కట్టినారు, ఆడి నుంచి సూస్తే బాగా అగుపిస్తాదని గూడా అంటివి. పోదాం పద."

పొద్దున్నే చైతు మైకు పెట్టి చదివించిన పేపర్లు గుర్తొచ్చి, అప్పటికి నాకు చాలావరకు అర్థమైంది. నేనూ చెప్పులు వేసుకున్నాను.

టవర్ల కింద అద్దాల ఆఫీసు. లోపల చల్లగా, మల్లెపూల సెంటు వాసనగా ఉంది. చెరువు వైపు గోడంతా అద్దమే, తెరవడానికి వీల్లేని అద్దం. స్వప్న అని బ్యాడ్జీ పెట్టుకున్న అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చి మా ముగ్గురికీ తలా ఒక టాబ్లెట్, హెడ్‌ఫోన్స్ ఇచ్చింది. మామగారిని ఆమె గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ఏముంది, ఆమెకు తెలిసింది గొంతు ఒక్కటే.

నేను పెట్టుకున్నాను.

"నా పేరు భుజంగరావు," అంది గొంతు. మామగారి గొంతే. అదే బొంగురు, మాట చివర అదే చిన్న లాగుడు. "ఈ నీళ్ళే తాగి పెరిగినోణ్ణి. మా సెరువు మళ్ళా నిండిండాది. పాతవన్నీ మర్సిపోదాము. రండి, గట్టు మీద కూసుందాము. నా మనవరాలు జాహ్నవి ఈడనే ఆడుకుంటాది. మీ పిల్లలు గూడా ఈడనే పెరగల్ల."

మాకు పిల్లల్లేరు. నాలుగేళ్ళ కిందట ఐదో నెలలో కడుపు పోయింది. ఆడపిల్ల అని అప్పుడే తెలిసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక, పేరైనా లేకుండా పంపకూడదని నేనూ చైతూ తలుపేసుకుని కూర్చుని పెట్టుకున్న పేరు జాహ్నవి. మామగారికి కూడా చెప్పలేదు. ఆ పేరు తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరమే.

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాను. వైరు చిక్కుపడకుండా చుట్టి మరీ పెట్టాను.

పక్కన అశ్వత్థప్ప కూడా తీసేశాడు. మామగారి మొహంలోకి చూశాడు.

"అచ్చం ఇవే మాటలు," అన్నాడు. "ఫోన్లో గూడా అచ్చం ఇవే. అయితే నువ్వు పిలవలేదన్నమాట."

మామగారి హెడ్‌ఫోన్స్ ఇంకా చెవులకే ఉన్నాయి. ఆ గొంతు ఇంకా చెబుతూనే ఉంది, ఈయన పెదాలు మాత్రం కదలడం లేదు.

కాసేపటికి ఆయన వాటిని తీసి, అద్దం దగ్గరికి నడిచారు. అక్కడ ఒక కుర్ర జంట టాబ్లెట్ ఎత్తి చెరువు వైపు చూస్తున్నారు. తెలుగువాళ్ళే. ఆయన వాళ్ళ ముందుకు వెళ్ళి నిలబడ్డారు.

"అప్పా, దాంట్లో మాట్లాడేది నేనే. కానీ ఆ మాటలు నేను అన్లేదు. ఈ సెరువు నిండలేదప్పా. నాకు మనవరాలూ లేదు. నమ్మొద్దండి."

ఆ అబ్బాయి ఒక చెవి దగ్గర హెడ్‌ఫోన్ కొంచెం జరిపి, చాలా మర్యాదగా అన్నాడు. "అంకుల్, కొంచెం పక్కకు జరుగుతారా? ఫ్రేమ్‌లోకి వస్తున్నారు."

మామగారు పక్కకు జరిగారు.

స్వప్న పరుగున వచ్చింది. "సారీ సర్, ఆ వాయిస్ రియల్ పర్సన్‌ది కాదు, ఏఐ క్యారెక్టర్," అని వాళ్ళకు చెప్పి, మామగారి వైపు తిరిగి, "అంకుల్, మీకు వాటర్ కావాలా?" అంది.

అశ్వత్థప్ప అప్పటికే బయటికి వెళ్ళిపోయాడు. బస్ స్టాపు దాకా వెంట నడిచాం. మామగారు "అప్పా, నేను చెప్పల్లనుకుంటి..." అని మొదలుపెడితే, వద్దన్నట్టు చెయ్యి ఊపి బస్సెక్కాడు. ఇంటికొచ్చాక ఆ ద్రాక్షపండ్లను ఎవరమూ ముట్టలేదు.

చైతు సాయంత్రం వచ్చాడు. మామగారు హాల్లోనే కూర్చుని ఉన్నారు.

"నా గొంతుతో ఎవరెవరికి ఫోన్ చేసినావురా?"

"నేను చేయలేదు నాన్నా. నీ రికార్డింగుల నుంచి గొంతు నేర్చుకుని సిస్టమే చేస్తుంది. ఫ్లాట్ల సేల్స్‌కి, ఈ ఏరియాలో పాత ల్యాండ్ ఓనర్లకు అని పెట్టారు, పేర్లు అదే తీసుకుంటుంది. నీకు చెబుదామనే..."

మామగారు లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు. తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నారు.

నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. చైతు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"జాహ్నవి మాట ఎవరు రాశారు?" అని అడిగాను.

"స్క్రిప్ట్‌లో ఎమోషనల్ కనెక్ట్ కావాలన్నారు వరూ. గ్రాండ్ చైల్డ్ ఉంటే బాగుంటుందని..."

"పేరు ఎవరు పెట్టారు?"

"నేనే. నీళ్ళ పేరు కదా. గంగ పేరు. థీమ్‌కి బాగా సెట్ అయింది." నేను గిన్నె తోముతూనే ఉంటే మళ్ళీ అన్నాడు. "ఒక రకంగా తను ఎక్కడో ఒకచోట ఉన్నట్టే కదా? ఆడుకుంటున్నట్టు? నేను అలా ఫీలయ్యే రాశాను. నిజంగా."

ఏడ్చాడు కూడా. నేను నమ్మాను. అతను నిజంగానే అలా అనుకుని ఉంటాడు, రాసిన గంటకే దాన్ని నాగేంద్రకు పంపించి ఉంటాడు. ఈ రెండూ ఒకే మనిషి చేయగలడని అర్థమయ్యాక నాకు కోపం కూడా రాలేదు. చేతిలో చేప పగిలినప్పుడు హనుమక్క మొహం తిప్పుకున్నట్టు నేనూ తిప్పుకున్నాను. గిన్నెలు అయ్యాక సింకు కడిగాను. చేతులు సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాను.

ఆ వారంలోనే చైతు స్టూడియోకు దగ్గర్లో గది చూసుకుని వెళ్ళాడు. నేను వెళ్ళమని అనలేదు. ఉండమని కూడా అనలేదు. మా అమ్మ ఫోన్ చేసి, "మొగుడు లేని ఇంట్లో మామగారితో ఏం ఉంటావే, తెనాలి వచ్చెయ్," అంది. ఉంటానన్నాను. ఎందుకో వివరంగా చెప్పలేకపోయాను.

కంపెనీకి నేను గట్టిగా రాశాను, పోలీసుల దాకా వెళ్తానన్నాను. నాగేంద్ర ఫోన్ చేసి ఎంతో బాధపడి, అంకుల్ మనోభావాలు దెబ్బతింటాయని అనుకోలేదన్నాడు. ఫోన్లు ఆపేశారు, గొంతు తీసేశారు. నేను వెళ్ళి చూశాను. ఇంకెవరిదో ముసలి గొంతు పెట్టారు. మాటలు అవే. జాహ్నవి కూడా అక్కడే ఆడుకుంటోంది. మళ్ళీ రాస్తే, ఆ పేరు మీద ఎవరికీ హక్కులుండవని జవాబొచ్చింది. ఆ పనికి ముంబయిలో ఏదో పెద్ద అవార్డు వచ్చిందని తర్వాత తెలిసింది. సామాజిక స్పృహ విభాగంలో.

మామగారు మాట్లాడడం బాగా తగ్గించేశారు. ఫోన్ మోగితే దాని వంక పురుగును చూసినట్టు చూసేవారు. పొద్దున పేపరు లోలోపలే చదువుకునేవారు. "ఒకసారి ఆయనకు చేయండి మామయ్యా," అంటే, "ఏమని చేసేదమ్మా? నేనే అని ఎట్ల నమ్మల్ల వాడు?" అన్నారు.

జూన్‌లో వానలు నిలదొక్కుకున్నాయి. చెరువు నుంచి నురగ లేచి రోడ్డు మీదికి ఎగిరొచ్చి స్కూటర్ల అద్దాలకు అంటుకునేది. అలాంటి ఒక పొద్దున మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లోకి వచ్చారు.

"దేవనహళ్ళి పోదామామ్మా."

ఆఫీసుకు సెలవు చెప్పాను. బస్సులు మారి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. కోట దగ్గర పాత ఇళ్ళ వీధిలో, అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాం. అశ్వత్థప్ప కోడలు సుజాత తలుపు తీసింది. లోపలి నుంచి "ఎవరూ?" అని వినిపించింది.

"నేను. భుజంగాన్ని," అన్నారు మామగారు గుమ్మం బయటి నుంచే.

లోపల మంచం కిర్రుమంది.

"గొంతు ఇనిపిస్తాండాది," అంది లోపలి గొంతు. "మనిషి యాడుండాడు?"

"వాకిట్లో ఉండా."

అశ్వత్థప్ప వచ్చాడు. గుమ్మంలో నిలబడి మామగారిని కిందినుంచి పైదాకా చూశాడు. తడిసిన పంచె అంచు, నలిగిన ఇస్త్రీ చొక్కా. మామగారు నోరు తెరిచారు.

"అప్పా, ఆ పొద్దు నేను..."

"మాట్లాడొద్దు. మాటలు సాలు. కూసో."

అరుగు మీద కూర్చున్నారు, ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి. సుజాత టీ తెచ్చింది. తాగారు. వీధిలో వాన మొదలై, చూరు నుంచి నీళ్ళు కారి, మళ్ళీ ఆగింది. నేను గడప మీద కూర్చుని ఆ ఇద్దరి వీపులు చూస్తున్నాను. ఆ నెలల్లో మొదటిసారి నా ముక్కుకు ఏ వాసనా రావడం లేదని అప్పుడే గమనించాను.

చాలాసేపటికి అశ్వత్థప్ప అన్నాడు. "ఊ. ఇంగ చెప్పు."

మామగారు వీధి వైపే చూస్తూ గొంతు సవరించుకున్నారు. క్షమించమంటారని నేను చెవులు రిక్కించాను.

"నువ్వు ఆ నేల అమ్మకుండా ఉండాల్సిందిరా, దొంగనాయాలా," అన్నారు ఆయన. "ఎన్నేండ్లైనా నేను ఆ మాట మర్సిపోను. సచ్చేదాకా అంటానే ఉంటా."

అశ్వత్థప్ప తల తిప్పి చూశాడు. భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు వెనక నుంచి తెలియలేదు. చెయ్యి చాపి మామగారి మోకాలి మీద గట్టిగా ఒకటి చరిచాడు.

"ఇది నువ్వే," అన్నాడు.